సీసాలో సముద్రం



ప్రతి మాసమూ ఈ పుటలో మేము ఇంటి సంగతో, ఆఫీసు సంగతో, మన వర్తూరు సంగతో వ్రాస్తూ ఉంటాము. ఈసారి సముద్రం సంగతి వ్రాయబోతున్నాము. "వర్తూరులో కూర్చుని సముద్రమేమిటయ్యా, అల చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో పోవాలి గదా" అని మీరు నవ్వవచ్చు. నవ్వండి, అభ్యంతరం లేదు. కాని చివరిదాకా చదివితే, సముద్రం మన వీధి కాలువ చివరనే మొదలవుతుందని మీరే ఒప్పుకుంటారు.

గడచిన మాఘమాసంలో మా ఇంటావిడ తరఫువారి పెళ్ళికి విశాఖపట్నం వెళ్ళాము. మాతో మా చెల్లెలి కూతురు కూడా వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతున్నది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, స్నేహితులతో ఇంగ్లీషు. ఏ భాషలోనైనా ప్రశ్నలకు మాత్రం కొదవలేదు. ఆ పిల్ల సముద్రం చూడడం అదే మొదలు. పెళ్ళి భోజనాలయిన తరువాత, నీరు బాగా వెనక్కు తీసిన వేళ చూసుకుని, తెన్నేటి పార్కు కింది రాళ్ళ దగ్గరకు తీసుకువెళ్ళాము.

మేము అంతకు ముందు రెండు మూడుసార్లు ఆ ఒడ్డుకు పోయినవాళ్ళమే. అయినా రాళ్ళను ఎన్నడూ తేరిపార చూడలేదు. ఈసారి పిల్ల చెయ్యి పట్టుకుని చూపిస్తే చూశాము. బండ పైభాగమంతా బోడిగా, గరుకుగా ఉన్నది. దాని కింద లేత ఆకుపచ్చని రేకులు, తోటకూర ఆకు తడిపి పరచినట్టు. ఇంకా కిందికి, అల వచ్చి పోయే చోట, ముదురు ఎరుపూ గోధుమ రంగూ కలిసిన కొమ్మలు గుబురుగా ఉన్నవి. అన్నదమ్ములు హద్దురాళ్ళు వేసి వాటాలు పంచుకున్నట్టు ఏ రంగు చోటు ఆ రంగుదే. రాళ్ళ మధ్య గుంటల్లో నిలిచిన నీళ్ళలో వేలెడేసి చేపపిల్లలు, గోరంత పీతలు, నత్తలు. నాచు కొమ్మలు కాస్త తొలగించితే చాలు, ఒక కాపురం బయట పడుతున్నది.

పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరి మా పిల్ల వేషాలు చూసి నవ్వి, "పాసి అనుకుంటన్నావేటమ్మా, అది సేపపిల్లల పుట్టిల్లు" అన్నాడు.

అప్పుడు వేసింది మా పిల్ల ప్రశ్న. "మామా, నాచంటే మన చెరువులో ఉన్నట్టు కంపు కొడుతుందనుకున్నాను. ఇక్కడ ఇంత ముచ్చటగా ఉందేం? అదీ నాచే, ఇదీ నాచే గదా?"

మాకు జవాబు తెలియలేదు. ఆఫీసులో కొరుకుడు పడని కాగితం మీద "పరిశీలించవలెను" అని వ్రాసి పక్కన పెట్టడం మాకు ఇరవై ఏళ్ళ అలవాటు. అదే చేశాము. "ఇంటికి పోయాక చెబుతానులే" అన్నాము. పిల్ల ఊరుకోలేదు. గుప్పెడంత ఎర్రనాచు పట్టుకుని ఉన్న ఒక చిన్న రాయిని ఏరి, మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి, అందులో సముద్రపు నీళ్ళు నింపి, రాయిని వేసుకున్నది. రైల్లో రాత్రంతా ఆ సీసా దాని ఒళ్ళోనే ఉన్నది.

వర్తూరు చేరిన తరువాత దానిని పెద్ద గాజు సీసాలోకి మార్చి కిటికీలో పెట్టాము. రెండు రోజులు బాగానే ఉన్నది. మూడో నాడు కొమ్మల చివరలు కొంచెం వాడినట్టు కనిపించినవి. మేము ఊరుకోవచ్చును గదా! పాపం ఆకలిగా ఉన్నది కాబోలుననుకుని, గులాబీ చెట్లకు వేసే ఎరువు చిటికెడు ఆ నీళ్ళలో కలిపాము. వారం తిరిగేసరికి నీళ్ళు చిక్కటి పచ్చరంగుకు తిరిగినవి. ఎర్రనాచు పాలిపోయి, మెత్తబడి, రాతి మీద నుంచి ఊడిపోయింది. ఇక కంపు సంగతి చెప్పనక్కరలేదు. "పెళ్ళికి పోయినవాళ్ళు లడ్డూలు తెస్తారు, మీరు తెచ్చిన సారె ఇదా" అని మా ఇంటావిడ సీసాను పెరట్లోకి నడిపించింది.

పిల్ల ఏడవలేదు. "రాయి ఉంది, ఉప్పునీళ్ళు ఉన్నాయి, ఎండ ఉంది, ఎరువు కూడా వేశాం. ఇంకేం కావాలి మామా దానికి?" అన్నది. ఆ మాట తరువాతనే మేము పుస్తకాలు తిరగవేయడం, తెలిసినవాళ్ళను అడగడం మొదలుపెట్టాము. మాది మెట్రిక్యులేషను చదువు; అయినా నేర్చుకున్నంతవరకు మీ ముందు పెడుతున్నాము.

మొదటి సంగతి: సముద్రపు నాచుకు వేరు లేదు. రాతిని పట్టుకున్న ఆ కాడను చూసి మనం వేరనుకుంటాము. అది పట్టు మాత్రమే. చెట్టు వేరు మట్టిలోనుంచి నీరూ సారమూ పీల్చుకుంటుంది. నాచు పట్టు రాతినుంచి ఏమీ పీల్చదు. ఊరికే అంటిపెట్టుకుని ఉంటుంది. దాని తిండి అంతా వచ్చి పోయే నీటిలోనిదే. ఒళ్ళంతా నోరే. అందువల్ల నాచు బ్రతుకు దాని చేతిలో లేదు. దాని మీదుగా ఎట్లాంటి నీరు ఎట్లా పారుతుందో దాని చేతిలో ఉన్నది.

రెండవది వెలుతురు. నీరు లోతయ్యేకొద్దీ ఎండలోని ఎరుపు ముందుగా ఇంకిపోతుంది. నీలి వెలుగు ఇంకా లోతుకు పోతుంది. ఎర్రనాచులోని ఎర్రరంగు ఆ మిగిలిన వెలుగును పట్టి వాడుకోగలదు. అందుకని లోతులో ఎర్రనాచుకు మిగతావాటికంటె వీలెక్కువ. 1984లో బహామా దీవుల దగ్గర పరిశోధకులు జలాంతర్గామిలో దిగి, 268 మీటర్ల లోతున రాతికి సున్నపు పొరలాగా అంటుకుని బ్రతుకుతున్న ఎర్రనాచును చూశారు. పైన కాసే ఎండలో అణువంత మాత్రమే అక్కడికి చేరుతుంది. ఆ రవ్వంత రాబడితోనే అది సంసారం నడుపుకుంటున్నది. జీతం చాలదని అనుకునే మా వంటివాళ్ళం దాని దగ్గర నేర్చుకోవలసింది ఉన్నది.

అయితే నీరు తేటగా ఉంటేనే ఆ వెలుగు దిగుతుంది. వరద బురద తెచ్చినా, నీటి పైభాగంలో కంటికి కనబడని సన్ననాచు పెరిగి పచ్చటి తెర కట్టినా, అడుగున ఉన్న నాచుకు చీకటే. మా సీసాలో జరిగింది అదే. మేము వేసిన ఎరువు ఎర్రనాచుకంటె ముందు, నీటిలో ఉన్న సన్ననాచుకు అందింది. అది పెరిగి పెరిగి, దొరకిన వెలుగంతా తానే తిన్నది.

మూడవది నీటి కదలిక. అల కొట్టినప్పుడల్లా పాతనీరు పోయి కొత్తనీరు వస్తుంది. తిండి తెస్తుంది, మురికి తీసుకుపోతుంది. అల మరీ ఎక్కువైతే నాచును ఊడబెరుకుతుంది, అసలు లేకపోతే కుళ్ళబెడుతుంది. మా సీసాలో అల ఎక్కడిది?

నాలుగవది చలువ, ఉప్పు, సారం. ఈ మూడూ కలిసే వస్తవి, కలిసే పోతవి. ఇది చెప్పడానికి మళ్ళీ విశాఖపట్నం పోవాలి.

1952లో ఇ.సి. లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారితో కలిసి, నౌకాదళపు ఓడల మీద పోయి బంగాళాఖాతం నీటి వేడీ ఉప్పూ కొలిచాడు. తూర్పుతీరం వెంట వేసవి ముందు నెలల్లో లోపలి చల్లనీరు పైకి వస్తున్నదని ఆయన 1954లో ప్రకటించాడు. ఎట్లా వస్తుందంటే, గాలి తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తున్నప్పుడు, భూమి తిరగడం వల్ల పైనీరు ఒడ్డునుంచి పక్కకు, సముద్రం వైపుకు తొలగుతుంది. గుమ్మం ముందు నీళ్ళు చీపురుతో అవతలికి తోసినట్టు. ఖాళీ అయిన చోటికి కిందినుంచి చల్లనీరు ఎక్కి వస్తుంది. చచ్చిన జీవులు కుళ్ళి అడుగున చేరిన నత్రజని, భాస్వరం ఆ నీటిలో కలిసి ఉంటవి. సముద్రం తన అటకమీది సామాను దించుకుని వాడుకున్నట్టన్నమాట. దాని అటక అడుగున ఉన్నది, అంతే తేడా.

తీరం వెంట నడిచే ప్రవాహం కూడా ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి మొదలు మే దాకా దక్షిణం నుంచి ఉత్తరానికి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి. ఆ రెండో ప్రవాహంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల వరదనీరు కలిసి వస్తుంది కనుక అప్పుడు విశాఖ దగ్గర సముద్రంలో ఉప్పు బాగా తగ్గుతుంది. సముద్రమట్టం కూడా స్థిరం కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తగ్గి, అక్టోబరు, నవంబరులలో పెరుగుతుంది. విశాఖలో పౌర్ణమికీ అమావాస్యకూ వచ్చే పెద్ద ఆటుపోట్ల మధ్య తేడాయే సుమారు ఒకటిన్నర మీటరు. అంత కొద్ది చోటులో కాపురముండే నాచుకు సముద్రమట్టం కాస్త దిగినా ఎండలో ఎక్కువసేపు మాడవలసివస్తుంది, కాస్త ఎక్కినా మునిగి ఉండవలసివస్తుంది.

ఈ లెక్కను రాళ్ళ మీద కూర్చుని వ్రాసిపెట్టినవాళ్ళు మన తెలుగువాళ్ళే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు గార్లు విశాఖ ఒడ్డున ఏ నాచు ఏ ఎత్తులో ఉంటుంది, ఏ నెలలో పెరుగుతుంది, ఏ నెలలో పోతుంది, ఎంతసేపు నీట మునిగి ఎంతసేపు ఎండలో ఉంటుందనేది పరిశీలించి, 1964లో ఇంగ్లండులో వెలువడే జర్నల్ ఆఫ్ ఎకాలజీలో ప్రచురించారు. మా పిల్ల చూసిన రంగుల వాటాలకు హద్దురాళ్ళు వేసింది ఎవరో కాదు, ఈ ఆటుపోట్లూ, ఎండా, అలలూనని వారి పని చదివితే తెలుస్తుంది. పద్దు పుస్తకం వ్రాసేవాళ్ళం గనుక మాకు ఆ ఓపిక విలువ తెలుసు. ఉప్పుగాలిలో, జారుడు బండల మీద, నెలతరబడి రాయీ రాయీ చూసి లెక్క వ్రాయడం సామాన్యమైన పని కాదు.

విశాఖలో వారు పరిశీలించిన వాటిలో పోర్ఫిరా అనే పల్చటి నాచు ఒకటి. ఏడాదిలో కొన్ని నెలలే కనబడుతుంది. దీని చుట్టాలనే జపానువారు ఎండబెట్టి కాగితంలాగా చేసి అన్నం చుట్టుకుని తింటారు. బెంగళూరు పెద్ద హోటళ్ళలో సుషీ అని అమ్మే దానిచుట్టూ ఉండే నల్లటి రేకు అదే. మిగిలిన నెలల్లో ఈ నాచు ఎక్కడికి పోతుందో చాలా కాలం ఎవరికీ తెలియలేదు. జపానులో దానిని పండించే జాలరులకు ఒక ఏడు పంట, ఒక ఏడు సున్న. జూదగాళ్ళ గడ్డి అని దానికి పేరు. 1948 ప్రాంతంలో పంట బొత్తిగా దెబ్బతిన్నది.

ఆ ముడి విప్పినామె ఇంగ్లండులోని మాంచెస్టరులో ఉండే కాథ్లీన్ డ్రూ బేకర్. పెళ్ళయిన స్త్రీలను ఉద్యోగంలో ఉంచని కాలం అది. పెళ్ళి చేసుకున్నందుకు అధ్యాపక పదవి పోయినా, జీతం లేకుండానే ప్రయోగశాలకు వెళ్ళి పనిచేసింది. సముద్రపు చిప్పల మీద ఎర్రటి మచ్చల్లాగా పెరిగే ఒక జీవి ఉన్నది. దానిని అందరూ వేరే జాతి అనుకునేవారు. అది వేరే జాతి కాదనీ, పోర్ఫిరా తన జీవితంలో సగం ఆ రూపంలో చిప్పలో దాగి గడుపుతుందనీ 1949లో ఆమె కనిపెట్టింది. చిప్ప లేకపోతే విత్తనం లేదు, విత్తనం లేకపోతే పంట లేదు. ఇది తెలిసిన తరువాత జపానువారు చిప్పల మీదనే నారు పోసినట్టు పెంచడం నేర్చుకున్నారు. ఆమె 1957లో కన్నుమూసింది; జపానును ఒక్కసారైనా చూడలేదు. 1963లో అక్కడి ఉటో అనే ఊళ్ళో ఆమెకు స్మారకం నిలిపి, ఏటేటా ఏప్రిల్ 14న ఆమెను తలుచుకుంటున్నారు.

ఈ కథ ఎందుకు చెప్పామంటే, అడుగున ఉన్న నాచు ఒంటరిది కాదు. చిప్ప నాచును దాచుతుంది, నాచు చేపపిల్లను దాచుతుంది, చేప జాలరికి అన్నం పెడుతుంది. మన వంటింట్లో హల్వాకు వాడే చైనా గడ్డి కూడా ఎర్రనాచు సారమే. రామనాథపురం తీరంలో ఆ నాచును నీళ్ళలో మునిగి కోసుకుని సంసారాలు గడుపుకునే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ముసలి జాలరి పుట్టిల్లు అన్నది నూటికి నూరు పాళ్ళు నిజం.

ఆ పుట్టిల్లు కూలితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. మన పిల్లలు ఎందరో ఉద్యోగాలకు పోయి ఉంటున్న కాలిఫోర్నియా తీరంలో, నీటి అడుగున కెల్ప్ అనే గోధుమరంగు నాచు అడవులున్నవి. చెట్టంత ఎత్తు లేస్తవి. వాటికి చల్లటి, సారవంతమైన నీరు కావాలి. 2013లో అక్కడి నక్షత్రచేపలకు జబ్బు సోకి చాలామటుకు చచ్చిపోయినవి. 2014 నుంచి 2016 వరకు సముద్రం అలవాటు లేనంత వేడెక్కింది. అడుగునుంచి రావలసిన సారం తగ్గింది. నక్షత్రచేపలు తినవలసిన ముళ్ళపురుగులు, అంటే కడలి అర్చిన్లు, తినేవాళ్ళు లేక పెరిగిపోయి, మిగిలిన నాచును మొదలంటా కొరికివేసినవి. ఉత్తర కాలిఫోర్నియాలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఆ అడవి పోయింది. దానిని తిని బ్రతికే అబలోనే అనే పెద్ద నత్తలు ఆకలితో చచ్చినవి. వాటిని పట్టడం 2018లో నిలిపివేశారు. సముద్రం కొద్ది డిగ్రీలు వేడెక్కిన పాపానికి ఒక ఊరి కూడు పోయింది.

ఇక మా పిల్ల ప్రశ్నకు వద్దాము. సముద్రపు నాచు ముచ్చటగా ఉండడమూ, చెరువు నాచు కంపు కొట్టడమూ నాచు గుణం కాదు. తిండి కొలతను బట్టి వచ్చిన తేడా. విశాఖ రాళ్ళ మీద తోటకూరలాగా కనిపించిన పచ్చనాచు పేరు ఉల్వా. దాని జాతిదే మరొకటి, 2008లో చైనాలోని చింగ్‌దావ్ అనే రేవు పట్టణం ఒడ్డుకు కొట్టుకు వచ్చింది. ఒలింపిక్సు పడవపందేలు అక్కడే జరగవలసి ఉన్నవి. సముద్రం పచ్చిక మైదానంలాగా అయిపోతే, వేలాదిమంది సైనికులూ పౌరులూ దిగి లక్షల టన్నుల నాచు ఎత్తిపోశారు. ఎరువులూ మురుగూ కలిసిన నీరు దొరికితే ఆ పచ్చనాచు అట్లా విజృంభిస్తుంది. కొద్దిగా ఉంటే పుట్టిల్లు, మితిమీరితే వల్లకాడు. పెరిగిన నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగివేస్తుంది. చేపలు ఊపిరాడక తేలుతవి.

మన వర్తూరు చెరువు అట్లాంటిదే, మా గాజు సీసాకు అన్నగారు. బెంగళూరులో బెళ్ళందూరు తరువాత ఇదే పెద్దది. నగరపు మురుగు బెళ్ళందూరు మీదుగా దీనిలోకి దిగుతూ వచ్చింది. మురుగులో భాస్వరం ఉన్నది, నత్రజని ఉన్నది. మేము గులాబీలకు వేసే ఎరువులో ఉన్నవీ అవే. గుర్రపుడెక్క నీటిని కప్పింది, నాచు కుళ్ళింది. చలువచేసే పొడుల సబ్బుసారం మరవ దగ్గర, మనవాళ్ళు కోడి అంటారు, అక్కడ నీరు దూకేటప్పుడు చిలకబడి నురుగై లేచింది. 2015లో ఆ నురుగు గాలికి ఎగిరి రోడ్డు మీద స్కూటర్లవాళ్ళ మొహాన పడడం దేశమంతా చూసింది. తరువాత జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలు వచ్చినవి, పూడిక తీసే పని జరిగింది. కాని పూడిక తీయడమంటే సీసా కడగడమే. చిటికెడు చిటికెడుగా ఎరువు వేస్తున్న చెయ్యి ఆగకపోతే, కడిగిన సీసా మళ్ళీ పచ్చబడుతుంది.

పైగా ఈ సీసాకు మూత లేదు. మన చెరువు నీరు దక్షిణ పినాకినిలో కలుస్తుంది. నంది కొండల దగ్గర పుట్టిన రెండు పినాకినులలో ఉత్తర పినాకిని మన నెల్లూరు వైపు పెన్నగా పోతుంది. దక్షిణ పినాకిని హొసూరు దగ్గర కెలవరపల్లి, ఆపైన కృష్ణగిరి, సాతనూరు ఆనకట్టలు దాటి, కడలూరు దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. మాఘమాసంలో ఆ తీరం ప్రవాహం నడిచేది ఉత్తరానికే, అంటే మన ఆంధ్ర తీరం వైపే. మన మురికి తిన్నగా విశాఖ రాళ్ళ దాకా పోతుందని మేము అనడం లేదు. దారిలో ఆనకట్టలున్నవి, సముద్రం పెద్దది. కాని ఒక్క చెరువు కాదు, ఒక్క ఊరు కాదు. ప్రతి ఊరూ తన సీసా వంచుతున్నది. అన్ని కాలువల చివరా ఉన్నది ఆ వేరులేని నాచే.

ఇక్కడితో ముగించవచ్చును. కాని ఒక మాట చెప్పకపోతే ఈ వ్రాత అబద్ధమవుతుంది.

చెరువు కింద మా నాన్నగారికి ముప్పాతిక ఎకరం మడి ఉండేది. మా చిన్నతనంలో అక్కడ వరి పండేది. తూము నీళ్ళలో మేమూ మా చెల్లెలూ ఈత కొట్టేవాళ్ళం. నీరు చెడింది, పంట పోయింది. అమ్మకానికి పెట్టమన్నది నాన్నగారు కాదు, మేమే. "ఈ మురికి మడి ఉంచుకుని ఏం చేస్తావు నాయనా" అని పోరి అమ్మించాము. ఆ డబ్బుతో చెల్లెలి పెళ్ళి ఘనంగా చేశాము. కొన్నవారు లేఅవుట్ వేశారు. ఇప్పుడు ఆ నలభై ఇళ్ళ మురుగు ఒకప్పుడు మా మడికి నీరు తెచ్చిన కాలువలోనుంచే, ఎదురు దిక్కుగా, చెరువులోకి పోతున్నది. చెరువును ఎవరెవరో పాడుచేశారని ఆఫీసులో ఎన్నోసార్లు ఉపన్యాసాలిచ్చాము. జమాఖర్చులు వ్రాసే మేము మా పేర ఉన్న ఆ ఒక్క పద్దు ఎన్నడూ వ్రాయలేదు.

ఒక ఆదివారం సాయంత్రం పిల్లను కట్ట మీదికి తీసుకువెళ్ళి ఇదంతా చెప్పాము. నాచు సంగతీ, సీసా సంగతీ, చివరకు మడి సంగతీ. చెప్పేటప్పుడు మా గొంతు పట్టుకున్నది. అది కొంచెంసేపు కాలువ వైపు చూసి, "అమ్మ పెళ్ళికి ఆ డబ్బు అయితే, అందులో నాకూ వాటా ఉంది గదా మామా" అన్నది. తప్పు పట్టలేదు, ఓదార్చనూ లేదు. లెక్కలో తన పేరు తానే వ్రాసుకున్నది.

నాలుగైదు తరాలుగా మనవాళ్ళు ఈ గడ్డను అంటిపెట్టుకుని ఉన్నారు. మాట తెలుగు, నీరు ఇక్కడిది. మన పట్టు ఎంత గట్టిదని మనం సభల్లో చెప్పుకుంటాము. పట్టు ఒక్కటే చాలదని ఆ ఎర్రనాచు మాకు చెప్పింది. రాయిని ఎంత గట్టిగా పట్టుకున్నా, మీదుగా పారే నీరు చెడితే బ్రతుకు ఊడి వస్తుంది.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు సబ్బుపొడి గుప్పిళ్ళతో వేయడం మానివేశాము, చెంచాతో కొలిచి వేస్తున్నాము. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కాలువలోకి పోనివ్వడం లేదు, పెరట్లో గుంట తీసి వేస్తున్నాము. గులాబీలకు ఆ గుంట ఎరువే చాలుతున్నది. మీలో అపార్టుమెంటులలో ఉన్నవాళ్ళు ఉన్నారు. మీ మేడ కింద ఉన్న మురుగునీటి శుద్ధియంత్రం రోజూ నడుస్తున్నదా, కరెంటు బిల్లు మిగులుతుందని ఆపివేస్తున్నారా అని ఒకసారి అడగండి. అడిగినవాళ్ళ మీద కోపం వస్తుంది, తెలుసు. అయినా అడగండి. మన సంఘం ఈసారి కలుసుకున్నప్పుడు పాత మడి కాలువల మీద ఇళ్ళున్నవాళ్ళమంతా కలిసి, ఆ మురుగును పెద్ద గొట్టానికి కలపమని అర్జీ వ్రాద్దామని మా ప్రతిపాదన. అర్జీ మేము వ్రాస్తాము. అది మాకు చేతనైన పని. కన్నడంలోనూ వ్రాస్తాము, ఇంగ్లీషులోనూ వ్రాస్తాము. మొదటి సంతకం మాది, రెండవది మా చెల్లెలిది.

గాజు సీసాను మా పిల్ల మూడుసార్లు తోమి కిటికీలో బోర్లించింది. అందులో చింతకాయ తొక్కు పెట్టుకుందామని మేము సలహా ఇచ్చాము. మా ఇంటావిడ మా వైపు చూసిన చూపు ఇక్కడ వ్రాయము. సీసా ఖాళీగానే ఉన్నది. వచ్చే మాఘమాసానికి మళ్ళీ విశాఖ పోతే, ఈసారి రాయి తేకుండా, ఊరికే చూసి రావాలని మామా మేనకోడళ్ళం ఒప్పందం చేసుకున్నాము.

సెలవు. వచ్చే మాసం మళ్ళీ కలుసుకుందాము.